రెండో చెంపకు అనుమతి

సగం గడ్డంతో ఆఫీసుకు వెళ్లిన ప్రభుత్వోద్యోగులు నాకు ముందు ఎవరైనా ఉన్నారేమో తెలియదు. చట్టాన్ని గౌరవించి అలా వెళ్లినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను. గొప్పకు చెప్పుకోవడం లేదు. మా ఆవిడ రత్నకుమారి అయితే దీన్ని గొప్ప అని ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

నా పేరు చెన్నకేశవులు. పలకలపేటలో గనుల శాఖ అసిస్టెంట్ డైరెక్టరు, అదే ఏడీ గారి ఆఫీసులో రాయల్టీ ఇన్‌స్పెక్టర్ని. మా ఊరి చుట్టూ నేల గీరితే చాలు, పలకరాయి బయటపడుతుంది. ఎంత తవ్వారు, ఎక్కడికి తోలారు, ప్రభుత్వానికి కట్టాల్సింది కట్టారా అని లారీలను ఆపి అడగడం నా ఉద్యోగం. లారీలు ఆగవు, అది వేరే సంగతి.

ఆ ఏడు శివమాల వేసుకున్నాను. మండలం పాటు గడ్డం పెంచి, శివరాత్రికి శ్రీశైలం పోయి మాల తీసి, తిరిగొచ్చిన పొద్దున్నే తిరుపాలు షాపులో కూర్చున్నాను. తిరుపాలుది పెద్ద నోరు. గడ్డం గీస్తూ రాజకీయాలు మాట్లాడతాడు. గొంతు మీద కత్తి ఉండగా మనం తల అడ్డంగా ఊపలేం కాబట్టి ఆయన చెప్పినవన్నీ ఒప్పుకున్నట్టే లెక్క. ఊళ్లో మిగతా షాపులన్నీ బ్లేడు విరిచి పెట్టుకునే కత్తికి మారిపోయాయి. తిరుపాలు మాత్రం వాళ్ల నాయన వాడిన మడతకత్తినే వేడినీళ్లలో కాచి వాడతాడు. నాకు బ్లేడు పడదు, గీసిన గంటకల్లా చెంపల నిండా పొక్కులు. అందుకని పెళ్లికి ముందు నుంచీ నా గడ్డం బాధ్యత తిరుపాలుదే.

ఆ కత్తికి పదును పెట్టేది ఒక సానరాయి. తిరుపాలు తాత వాగులో ఏరుకొచ్చాడట. బూడిద రంగు, మధ్యలో సన్నగా పచ్చటి చార. తెచ్చిన రోజున ఇటుకంత ఉండేదట గానీ, మూడు తరాలు నూరేసరికి మధ్యలో పళ్లెంలా పల్లం పడి అరచేతిలో ఇమిడేంత మిగిలింది. దాని మీద నీళ్లు చిలకరించి కత్తిని ముందుకూ వెనక్కూ తోస్తుంటే బూడిదరంగు చిక్కటి నీరు ఊరుతుంది. తిరుపాలు పద్ధతి ఏమిటంటే, చెంపకొకసారి నూరాలి. కుడి చెంప కాగానే ఆగి, మళ్లీ నూరి, అప్పుడు ఎడమ చెంప ముట్టుకుంటాడు. వాళ్ల నాయన అలాగే చేసేవాడట. నా గడ్డం తుమ్మకంపలా ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి నాకూ బాగానే ఉండేది.

ఆ రోజు కుడి చెంప అయింది. తిరుపాలు రాయి ముందు కూర్చున్నాడు. ఈలోగా నా ఫోను మోగింది. ఆఫీసు గ్రూపులో ఉత్తర్వు.

ఇక్కడ మా డైరెక్టరు గారి గురించి చెప్పాలి. కొత్తగా వచ్చిన ఈయనకు సహజ సానరాళ్లంటే ప్రాణం. వీడియోలు చూసి మడతకత్తితో గీసుకోవడం నేర్చుకున్నారు. నేర్చుకున్నారనడానికి ఆయన గడ్డం కింద ఎప్పుడూ అంటించి ఉండే ప్లాస్టరు ముక్కలే సాక్ష్యం. జపాను రాయి, బెల్జియం రాయి, ఎక్కడిదో ఆయనకే తెలియని రాయి, బీరువా నిండా ఉన్నాయని చెప్పుకునేవారు. ఆయన్ను చూడబోయేవాళ్లు పూలగుత్తులు మానేసి రాళ్లు పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. ఆ మోజు పైనుంచి కిందికి జారి మా ఆఫీసు దాకా వచ్చింది. మా ఏడీ పరాంకుశం గారు పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ట్రిమ్మరు తప్ప మరొకటి ముట్టని మనిషి. ఆయన కూడా సొరుగులో రాళ్లు పెట్టుకుని, ఫైలు మీద సంతకం అడిగితే ఓ రాయి తీసి, తడి వేలితో రుద్ది, “ఏం మెత్తదనమయ్యా!” అనేవారు. వీళ్లలో ఎవరూ దేన్నీ నూరరు. నూరితే అరుగుతుంది కదా. అంత ఇష్టపడి తెచ్చుకున్నదాన్ని ఎవరైనా అరగదీసుకుంటారా?

ఆ ఇష్టంలోంచి పుట్టిందే ఈ ఉత్తర్వు. “సహజ సానరాళ్లు జాతి సంపద. వాటిపై ఏదేని పనిముట్టును ఒత్తి రుద్దుట వలన ఖనిజ పదార్థము మాతృశిల నుండి వేరుపడుచున్నది. మాతృశిల నుండి ఖనిజమును వేరుపరచుటయే తవ్వకము. కావున నూరుటను తవ్వకముగా పరిగణించవలెను. అనుమతి లేని నూరుడును తక్షణమే నిలుపుదల చేయించి సదరు శిలను స్వాధీనపరచుకొనవలెను.”

చదివి తలెత్తాను. అద్దంలో తిరుపాలు వీపు కనిపిస్తోంది. సర్, సర్ అని చప్పుడు. అంటే నా కళ్ల ముందే, నా చెంప కోసమే, అక్రమ తవ్వకం జరుగుతోంది.

“తిరుపాలూ, ఆపు,” అన్నాను.

“ఏంది సారూ, నురగ కంట్లో బడిందా?”

“కాదు. నువ్వు తవ్వుతున్నావు.”

ఆయన తన చేతి వంక చూసుకున్నాడు. “కత్తి నూరతా ఉండా.”

“నూరడమే తవ్వకం. ఇప్పుడే ఉత్తర్వు వచ్చింది. ఆ రాయి ఇలా ఇవ్వు.”

“శ్రీశైలంలో ఎండ గానీ తగిలిందా నీకు?” అన్నాడు తిరుపాలు. నేను మెడలో తువ్వాలు తీసి, రాయిని అందులో మూటగట్టి, పక్కన పేపరు చదువుతున్న ఇద్దరి చేత పంచనామా మీద సంతకాలు పెట్టించుకున్నాను. తిరుపాలు గుమ్మం దాకా వచ్చి అరిచాడు. “రెండో చెంప ఎవురు జేస్తారు సారూ? ఆ డైరెక్టరొచ్చి జేస్తాడా?”

మాటవరసకు అన్న ఆ మాట వెనక పెద్ద చిక్కే ఉంది. పలకలపేట క్షురకుల సంఘానికి ఒక కట్టుబాటు ఉంది. ఒకరు చెయ్యి పెట్టిన గడ్డాన్ని ఇంకొకరు ముట్టుకోరు. మధ్యలో లేచొచ్చాడంటే అక్కడ ఏదో గొడవ పెట్టుకునే వచ్చి ఉంటాడు, సాటివాడి గొడవలో మనం వేలు పెట్టకూడదు, అంతే. దానితోపాటే ఇంకోటి, ఏ షాపులోనైనా గడ్డాలు మొదలైన వరసలోనే పూర్తికావాలి. నేను బజారంతా తిరిగాను. అందరూ కుర్చీ చూపించి, నా కుడి చెంప చూసి, మళ్లీ కుర్చీ వెనక్కి లాక్కున్నారు. ఇంటికెళితే రత్నకుమారి తలుపు తీసి, “అయ్యో రామ, ఎవరు కొట్టారండీ?” అంది. చట్టం అని చెప్పాను.

ఏడీ గారు మాత్రం నన్ను చూసి మురిసిపోయారు. “రాష్ట్రంలో మొదటి కేసు మనదేనయ్యా! నువ్వు ఆ చెంప అలాగే ఉంచుకో. ఆధారం.”

విచారణకు తిరుపాలును పిలిపించారు. ఏడీ గారు రాయిని బల్ల మీద పెట్టుకుని గొంతు సవరించుకున్నారు.

“ఈ శిల యొక్క మూల పరిమాణమెంత?”

“ఇటికంత ఉన్నిందంట.”

“ఇప్పుడెంత?”

“మీ ముందరే ఉండాది గదా సారూ, చూసుకో.”

“మిగతా ఖనిజమును ఎచ్చటికి తరలించితివి?”

“యాడికీ తరలించలా. అరిగిపోయింది.”

“పదార్థమునకు నాశనము లేదు. ఎచ్చటికో పోయి ఉండవలెను కదా?”

తిరుపాలు బుర్ర గోక్కున్నాడు. “కొంచెం కాలవలోకి బోయింటది. కొంచెం కత్తికంటుకోని ఊళ్లోవాళ్ల చెంపలకు బోయింటది.”

“రాసుకోవయ్యా,” అన్నారు ఏడీ గారు నాతో. “కాలువ ద్వారా కొంత, చెంపల ద్వారా కొంత. రవాణా పర్మిట్లు లేవు.” అని నా ముఖం వంక అనుమానంగా చూశారు. “ఇందులో నీ చెంప ఉందా?”

“ఉంది సార్. కుడిది.”

ఆ విధంగా ఒకే కేసులో నేను దర్యాప్తు అధికారిని, సాక్షిని, రవాణాకు వాడిన వాహనాన్ని అయ్యాను.

తిరుపాలుకు అప్పుడు కోపం వచ్చింది. బల్ల మీద చెయ్యి వేశాడు. “సారూ, ఆ పల్లం మా తాత జెయ్యీ మా నాయన జెయ్యీ పడి ఏర్పడింది. నేను నూరేటప్పుడు నా చెయ్యి దానంతటదే ఆ పల్లంలో బడి పోతాది. మా నాయన బోయి ఇన్నేండ్లయింది, ఆయన చెయ్యి బట్టుకున్నట్టే ఉంటది నాకు. దాన్ని మీరు సొరుగులో ఏసుకుంటే నేనేం జెయ్యాల? నా రాయి నాకియ్యండి!”

 నేను రాయడం ఆపేశాను. ఏడీ గారు కూడా చెడ్డవారేం కాదు. ఆయనా కదిలిపోయారు. కదిలిపోయినప్పుడు ఆయన చేయగలిగింది ఒకటే. “సరే, లీజుకు దరఖాస్తు చేసుకో,” అన్నారు దయగా. “క్రమబద్ధీకరిద్దాం.”

క్రమబద్ధీకరణ మొదలైంది. ముందు సర్వే. లీజు ప్రాంతానికి నాలుగు మూలలా హద్దురాళ్లు పాతాలి. నిబంధనల్లో చెప్పిన కొలతల ప్రకారం ఒక్కో హద్దురాయి మా గని కన్నా పెద్దది. నాలుగూ తెచ్చి షాపులో దించేసరికి కుర్చీకి చోటు లేకపోయింది. తర్వాత రక్షణ మండలం. హద్దు నుంచి లోపలికి ఏడున్నర మీటర్లు వదిలేసి ఆపైన తవ్వుకోవాలి. స్వాధీనంలో ఉన్న రాయిని సర్వే కోసం షాపుకు తెచ్చి, దాని అంచున టేపు పెట్టి లోపలికి కొలుచుకుంటూ పోతే, అవతలి అంచు దాటి, షాపు గుమ్మం దాటి, రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న పిండిమరలో తేలాం. తవ్వుకోదగిన ప్రాంతం అదేనని సర్వేయరు గుర్తుపెట్టాడు. పిండిమర ఆసామి మాత్రం, “నా మరలో కత్తులు నూరితే జనం పిండి పట్టించుకుంటారా?” అని అడ్డం తిరిగాడు.

తర్వాత ప్రజాభిప్రాయ సేకరణ. షామియానా వేసి, రాయిని పళ్లెంలో పెట్టి అందరికీ చూపించాం. ఒకాయన లేచి, పేలుళ్లకు తన ఇంటి గోడలు బీటలు వారితే పరిహారం ఎవరిస్తారని నిలదీశాడు. మరొకాయన గనిలో ఉద్యోగాలన్నీ స్థానిక యువతకే ఇవ్వాలని డిమాండు చేశాడు. చప్పట్లు మోగాయి. కార్మిక భద్రత కింద గని ఆవరణలో ఉన్నవాళ్లంతా హెల్మెట్లు పెట్టుకోవాలని ఏడీ గారు ప్రకటించారు.

“హెల్మెట్ బెట్టుకున్నోడికి నేను కటింగ్ ఎట్ట జెయ్యాల సారూ?” అని అడిగాడు తిరుపాలు.

“అది మా శాఖ పరిధిలోకి రాదు.”

పెళ్లిళ్లకు పిలుపు వస్తే తిరుపాలు ఆ రాయిని పెట్టెలో పెట్టుకుని పక్క మండలాలకు పోయేవాడని ఎవరో చెప్పారు. అంతే, ఏడీ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. “అంటే గని హద్దులు దాటి తిరుగుతోందన్నమాట! ఇలాంటి గనికి ఏ చట్టమయ్యా వర్తించేది?”

ఏ చట్టమూ వర్తించదు కాబట్టి లీజు కుదరదని తేలింది. తవ్వడానికి వీల్లేని గనిని ఏం చేయాలి? శాస్త్రీయంగా మూసేయాలి. శాస్త్రీయంగా అంటే, ఏర్పడిన గుంతను మట్టితో పూడ్చి మొక్కలు నాటాలి. అది పూర్తయితే రాష్ట్రంలోనే శాస్త్రీయంగా మూసిన మొదటి సానరాతి గని మనదవుతుందని ఏడీ గారు పైకి రాశారు. జవాబు మూడో రోజుకే వచ్చింది. మూసిన గనికి ప్రారంభోత్సవం చేయడానికి డైరెక్టరు గారే స్వయంగా వస్తున్నారు. ఆ తర్వాత రాయిని రాజధానిలోని శాఖ మ్యూజియానికి శాశ్వతంగా తరలిస్తారు.

మట్టి తెచ్చింది నేనే. ఆ పల్లంలో కూరి, బంతిమొక్క నాటి, దోసిలితో నీళ్లు పోశాను. తిరుపాలు ఆఫీసు కిటికీ అవతల నిలబడి అంతా చూశాడు.  అంత నోరున్న మనిషి మాట్లాడకుండా వెళ్లిపోతే నాకు భయమేసింది. షాపులో హద్దురాళ్ల మధ్య కూర్చుని తోలుపట్టా మీద కత్తిని ఈడుస్తున్నాడని, కటింగుకు వచ్చే ఒకరిద్దరు తప్ప ఎవరూ రావడం లేదని, రాయి రాజధానికి పోతే షాపు మూసేస్తానంటున్నాడని జనం చెప్పారు. నాకు మా శాఖ మీద ఒళ్లు మండిపోయింది. ఒళ్లు మండిందని ఏ ఫైల్లోనైనా రాద్దామంటే దానికి గడి లేదు. ఇంట్లో రత్నకుమారి నా ఎడమపక్క కూర్చుని భోజనం చేయడం మానేసింది.

డైరెక్టరు గారు వచ్చారు. ముఖం నిండా నల్లటి దట్టమైన గడ్డం! పాత మడతకత్తితో, అసలైన క్షురకుడి చేత, అందరి ముందూ గడ్డం తీయించుకోవాలని ఆయన ఈ కార్యక్రమం కోసమే పెంచారట. సహజ సానరాళ్ల ప్రియుల సంఘం వాళ్లు చూడటానికి ఫోనులో లైవు పెట్టించారు. వేదిక మీద కుర్చీ, పక్కన చిన్న బల్ల, బల్ల మీద మా రాయి, రాయిలో బంతిమొక్క. మొక్క అప్పటికే పూసింది. మధ్యాహ్నం డైరెక్టరు గారికి మంత్రి గారితో సమావేశం ఉందని, త్వరగా కానివ్వాలని ఏడీ గారు చెప్పారు.

తిరుపాలు కత్తి వేలి మీద ఆనించి చూసుకున్నాడు. “సారూ, ముందే జెప్తా ఉండా. నూరి శానా దినాలయింది. ఇది ఒక చెంపకే వస్తది...”

“పెద్దవారి ముందు అధికప్రసంగం చేయకు,” అని కసిరారు ఏడీ గారు. “చెప్పిన పని చెయ్యి.”

తిరుపాలు చెప్పిన పని చేశాడు. కుడి చెంప ఒక్క గాటు లేకుండా నున్నగా దిగింది. డైరెక్టరు గారు ఫోను వంక తిరిగి చెంప నిమురుకుంటూ, “ఇదీ సహజశిల మహిమ!” అన్నారు. చప్పట్లు కొట్టాం. తిరుపాలు కత్తి మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

“ఆపావేం?”

“అయిపోయింది సారూ.”

“ఒకవైపే కదయ్యా అయింది!”

“పదును అయిపోయింది. రెండో చెంపకు నూరాల. రాయి అదో, ఆడుండాది.” బంతిమొక్క వైపు చూపించాడు.

డైరెక్టరు గారు ఏడీ గారి వంక చూశారు. ఏడీ గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. మూసిన గనిని తిరిగి తెరవాలంటే ముందు ఆవశ్యకతపై నివేదిక, దానిపై మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ, ఆపైన ప్రతిపాదన.

“నేను డైరెక్టర్నయ్యా! ఇప్పుడే ఇస్తున్నాను అనుమతి!”

“తమరు తప్పకుండా ఇవ్వొచ్చు సార్,” అన్నారు ఏడీ గారు చేతులు నలుపుకుంటూ. “కానీ ఫైలు తమరి దాకా కింది నుంచి రావాలి. కింద ఉన్నది ఈయన.”

అందరూ నన్ను చూశారు. నాకు ఒళ్లు మండి ఉందని చెప్పాను కదా. అందుకని పద్ధతిగా మాట్లాడాను. “నా నివేదికకు అటవీ శాఖ అభ్యంతరం లేదని చెప్పాలి సార్. గని ప్రాంతంలో పచ్చదనం ఉంది.”

“బంతిమొక్కకా?”

“శాఖ నాటిన మొక్క సార్. పూత మీద ఉంది.”

ఇంకో క్షురకుణ్ణి పిలవమన్నారు. క్షురకుల సంఘం అధ్యక్షుడు ముందు వరసలోనే ఉన్నాడు. లేచి దణ్ణం పెట్టి, “తిరుపాలు చెయ్యి బెట్టిన గడ్డం సార్,” అని మళ్లీ కూర్చున్నాడు. డ్రైవరు మెల్లగా కారులో ట్రిమ్మరు ఉందన్నాడు. లైవు చూస్తున్న ప్రియులందరి ముందూ ట్రిమ్మరా! డైరెక్టరు గారు అతన్ని మింగేసేలా చూశారు. తర్వాత ఆయన చూపు నా ముఖం మీద పడింది. అప్పటిదాకా ఆయన నన్ను కుడివైపు నుంచే చూసినట్టున్నారు.

“ఇదేమిటి?” అన్నారు.

“ఎడమ చెంప సార్.”

“ఎన్నాళ్ల నుంచి?”

“తమరి ఉత్తర్వు వచ్చినప్పటి నుంచి.”

ఆయన నా చెంప చూశారు. గడియారం చూశారు. మళ్లీ నా చెంప చూశారు. నా ముఖంలో ఆయనకు తన రేపు, ఎల్లుండి, ఆపైన మంత్రి గారూ కనిపించారనుకుంటాను. ఒక్కసారిగా లేచి మెడలో తువ్వాలు విసిరికొట్టారు.

“అది గనీ కాదు, ఖనిజమూ కాదు! ఒట్టి రాయి! ఆయన కత్తి నూరుకునే రాయి! ఇచ్చేయండయ్యా ఆయనది ఆయనకు!”

నా ఉద్యోగంలో అంత స్పష్టమైన ఆదేశం నేనెన్నడూ వినలేదు. వెంటనే రాశాను. “డైరెక్టరు గారు స్వయముగా పరిశీలించి, సదరు వస్తువు గని కాదనియు, ఖనిజము కాదనియు, ఒట్టి రాయి అనియు, తిరుపాలు కత్తి నూరుకొనుటకు ఉద్దేశించినదనియు నిర్ధారించినారు.” ముందు పెట్టాను. ఆయన చదవకుండానే సంతకం చేశారు. ముద్ర ఉండాల్సిన చోట నురగ చుక్క పడింది.

తిరుపాలు బంతిమొక్కను వేళ్లు తెగకుండా పెకలించి ఏడీ గారి చేతిలో పెట్టాడు. “ఇదో సారూ, మీ అడివి.” బకెట్టులో రాయిని కడిగాడు. మట్టి పోయి పచ్చటి చార తేలింది. నీళ్లు చిలకరించి కత్తి ఆనించాడు. చెయ్యి దానంతటదే పల్లంలో పడింది. సర్, సర్ అని చప్పుడు. వేదిక మీద అంతమందిమి నోరెత్తకుండా విన్నాం. తిరుపాలు కళ్లు మాత్రం భుజానికేసి తుడుచుకున్నాడు. నా కళ్లూ తడిశాయి, తువ్వాలు లేక ఫైలుతో తుడుచుకున్నాను.

నూరడం అయింది. డైరెక్టరు గారు కుర్చీలో సర్దుకుని, కళ్లు మూసుకుని, ఎడమ చెంప తిప్పి పెట్టారు. తిరుపాలు ఆయన భుజం మీద మెల్లగా తట్టాడు.

“సారూ, రవ్వంత లెయ్యండి.”

“ఎందుకయ్యా?”

“కేశవులు సారు చెంప మీ కంటే ముందు నుంచి పెండింగులో ఉండాది. మొదలుబెట్టిన వరసలోనే గావాల.”

డైరెక్టరు గారు ఏడీ గారి వంక చూశారు. బంతిమొక్క పట్టుకుని నిలబడ్డ ఏడీ గారు కాసేపు ఆలోచించి, “సీనియారిటీ ప్రకారం సక్రమమే సార్,” అన్నారు.

నేను కూర్చున్నాను. డైరెక్టరు గారు పక్కనే నిలబడ్డారు, చెంప మీద నురగ ఎండిపోతోంది. తిరుపాలు నా గడ్డం పైకెత్తి గొంతు మీద కత్తి ఆనించాడు.

“తలకాయ ఊపగాకు సారూ,” అన్నాడు. “ఇంగ జెప్తా ఇను. ఈ గనుల శాఖోళ్లు ఉండారే...”

ఆయన చెప్పిందంతా ఒప్పుకున్నట్టే లెక్క.